డిఫర్ అంటే రిజెక్ట్ కాదు, మరి ఏమిటి?

నమస్కారం అండీ. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల ఇళ్లలో ఈ వారం చాలామంది పిల్లలు సరిగ్గా అన్నం తినలేదు. కాలేజీ సీటు కోసం నవంబర్ 1కి ఎర్లీలో, అంటే రెగ్యులర్ రౌండుకన్నా ముందు ఉండే రౌండులో, అప్లై చేశారు, డిసెంబర్ మధ్యలో రిజల్ట్ వచ్చింది. కొందరికి సీటు వచ్చింది, కొందరికి రాలేదు. మిగిలినవాళ్లని డిఫర్ చేశారు, అంటే నిర్ణయం వాయిదా వేశారు. ఈ రోజు ఆ పిల్లల అమ్మానాన్నలతో మాట్లాడాలి.

రెండేళ్ల క్రితం మా అబ్బాయికీ ఇదే జరిగింది. వాడు రిజల్ట్ చూసే వేళకి నేను స్టవ్ మీద సేమ్యా పాయసం పెట్టాను. ఎంతసేపటికీ గదిలోంచి రాడు. వెళ్లి చూస్తే ల్యాప్‌టాప్ సగం మూసి, తల వంచుకుని కూర్చున్నాడు. "డిఫర్ చేశారమ్మా" అన్నాడు. పాయసం అడుగంటిన వాసన వచ్చేదాకా నాకు స్టవ్ సంగతే గుర్తు రాలేదు.

మర్నాడు విజయవాడ నుంచి నాన్నగారి ఫోన్. "సీటొచ్చిందా అమ్మా?" మళ్లీ చూస్తామన్నారని చెప్పాను. "వెయిటింగ్ లిస్టా?" అన్నారు. ఆయనకి తెలిసింది ఎంసెట్. ర్యాంకు వస్తుంది, కౌన్సెలింగ్‌లో సీటు తేలిపోతుంది. ఇక్కడ ర్యాంకూ లేదు, కటాఫూ లేదు. డిఫర్ అంటే వెయిటింగ్ లిస్టు కూడా కాదు. మన ఫైలు రెగ్యులర్ రౌండులో అందరితో కలిపి మళ్లీ చదువుతారు. జవాబు మార్చిలో వస్తుంది.

అలాగని సగం సీటు వచ్చినట్టు అనుకోకండి. ఎంఐటీ సంగతే చూడండి. 2022లో ఎర్లీలో సుమారు 12 వేల మంది అప్లై చేస్తే 700 మందికి కూడా సీటు రాలేదు. సగానికి పైగా పిల్లల్ని డిఫర్ చేశారు. తర్వాత అందులో సీటు దొరికేది చాలా కొద్దిమందికే.

ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేసి డిఫర్ అయితే, వస్తే చేరి తీరాలన్న ఒప్పందం అక్కడితో పోతుంది. ఇది చాలామందికి తెలియదు. వేరే కాలేజీకి ఎర్లీ డెసిషన్ టూలో, అంటే అదే ఒప్పందంతో ఉండే రెండో ఎర్లీ రౌండులో, కూడా అప్లై చేయొచ్చు.

ఇక డిఫర్ చేసిన కాలేజీకి, ఇంకా చేరాలనే ఉందని పిల్లలు రాసే లెటర్ సంగతి. ముందు ఆ కాలేజీ ఏం అడిగిందో చదవండి. ఎంఐటీకి ఫిబ్రవరిలో నింపే ఫారం ఉంది. కొన్ని కాలేజీలు ఏమీ పంపొద్దంటాయి. పంపమంటే ఒక్క పేజీ చాలు. నవంబర్ తర్వాత కొత్తగా ఏం చేశారో రాయాలి, అదీ పిల్లలే రాయాలి. దానికోసం కన్సల్టెంటుకి వేల డాలర్లు పొయ్యకండి. స్కూలు పంపే సెమిస్టర్ మార్కులకి అంతకన్నా ఎక్కువ బలం ఉంటుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. రెగ్యులర్ అప్లికేషన్లకి జనవరి 1 గడువని, డిఫర్ అయిన రెండో రోజు నుంచే "ఎస్సే అయిందా, ఎస్సే అయిందా" అని వాడి వెంటపడ్డాను. నాలుగు రోజులు ఒక్క లైను రాయలేదు. ఐదో రోజు నేను నోరు మూసుకున్నాను. ఆ రాత్రి వాడే కూర్చుని రాశాడు.

మార్చిలో ఆ కాలేజీ రాలేదు. జనవరి 1 రాత్రి పదకొండున్నరకి పంపిన కాలేజీలోనే ఇప్పుడు సెకండియర్ చదువుతున్నాడు.

మీ ఇంట్లో పిల్లో పిల్లాడో ఇప్పుడు గది తలుపు వేసుకుని ఉంటే, ఈ వీడియో ఆపేసి అన్నానికి పిలవండి. కాలేజీ మాట ఇవాళ్టికి ఎత్తకండి.