మొదటి ఉద్యోగం ఇంట్లో వద్దు

(కాకినాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, మాకు పాఠాలు చెప్పిన మాస్టార్లకు, మేడమ్‌లకు, చోటు చాలక వెనక నిలబడి వింటున్న పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలనుంది గానీ నాకిచ్చింది పది నిమిషాలు.

ఐటీలో అవకాశాల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ పొద్దుట్నుంచి పిల్లలు నన్ను అడుగుతున్నది ఒకటే: "అక్కా, మీ దగ్గర వర్క్ ఫ్రమ్ హోమ్ ఇస్తారా?" ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

సుఖం లేదనను. హాస్టల్ అద్దె మిగులుతుంది, హైదరాబాద్‌లో బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్ తప్పుతుంది, అమ్మ చేతి వంట దొరుకుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా ఉద్యోగాలు నిలిచాయంటే దాని పుణ్యమే. అయితే అప్పటికి మాకు పని వచ్చు. మీకింకా రాదు.

నేను చేరిన కొత్తలో ఓ రాత్రి బ్యాచ్ జాబ్, అంటే కంప్యూటర్ తనంతట తాను వరసగా చేసుకుపోయే పని, ఫెయిలైంది. స్క్రీన్ నిండా లాగ్, ఎక్కడ ఏం జరిగిందో ప్రోగ్రామ్ రాసుకున్న చిట్టా. పైనుంచి ఒక్కో లైనూ చదువుకుంటూ వస్తున్నాను, చెమటలు పడుతున్నాయి. పక్క సీట్లో సీనియర్ కుర్చీ జరుపుకుని వచ్చి, మౌస్ తీసుకుని సరాసరి కిందికి వెళ్లారు. "'కాజ్‌డ్ బై' అని ఉన్నవాటిలో చివరిది చూడమ్మా. అసలు కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది" అన్నారు. అరనిమిషం పని. నేను అడగలేదు, నా మొహం చూసి వచ్చారాయన.

2021లో మా టీములోకి ఒకమ్మాయి వచ్చింది, గోదావరి పక్క పల్లెటూరు. వచ్చిందంటే ఏముంది, కొరియర్‌లో లాప్‌టాప్ వాళ్లింటికి వెళ్లింది. అలాంటి ఎర్రర్ దగ్గరే రెండ్రోజులు ఆగిపోయింది. చాట్‌లో ఆమె ఏదో టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదిలేవి, ఆగేవి, మళ్లీ కదిలేవి. మెసేజ్ మాత్రం వచ్చేది కాదు. ఫోన్ చేస్తే "ఏం లేదక్కా, చూస్తున్నాను" అనేది. రివ్యూలో ఆ పిల్లకి చొరవ లేదని రాశారు. నేను గట్టిగా వాదించాను, వినలేదు.

అమ్మా, నాన్నగారూ, ఇది మీకు. న్యూయార్క్‌లో తొమ్మిదింటి మీటింగంటే మనకి ఎండాకాలంలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అక్కడ మొదలైన పని అర్ధరాత్రి దాటుతుంది. తెల్లారి చుట్టాలొస్తే కాఫీ పెట్టేది ఆ పిల్లే, బ్యాంకుకి వెళ్లేదీ ఆ పిల్లే. ఇంట్లోనే ఉందిగా అని! అదే కొడుకైతే తలుపు దగ్గరికేసి పడుకోనిస్తారు. కాదంటారా?

ఏడాది తిరక్కుండా మానేసింది. ఆఫీసు గడప తొక్కనేలేదు. తెలివితక్కువ పిల్ల కాదండీ. మళ్లీ చెబుతున్నాను, తెలివితక్కువ పిల్ల కాదు.

2022 జూలైలో కేంద్రం, చాలా ఐటీ కంపెనీలుండే సెజ్‌ల (ప్రత్యేక ఆర్థిక మండళ్ల) నిబంధనలు మార్చింది. సగం మంది దాకా, ఏడాది వరకు ఇంటి నుంచి పని చేయొచ్చంది. ఆ తర్వాత ఇంకా సడలించింది. ఎక్కడ విన్నా ఎంతమంది, ఎన్నాళ్లు అన్న లెక్కే. కొత్తవాళ్లకి పని నేర్పేదెవరన్న మాట ఎవరూ ఎత్తరు.

అవకాశాల గురించి చెప్పడానికి టైం లేదు, సార్ గడియారం చూస్తున్నారు. పిల్లలూ, ఇంటర్వ్యూలో జీతంతో పాటు ఇదీ అడగండి: మొదటి ఏడాది నన్ను ఎవరి పక్కన కూర్చోబెడతారు? ముందు వరసలో కంపెనీల వాళ్లున్నారు. మధ్యాహ్నం ఇంటర్వ్యూలు మొదలయ్యేలోపు మీరూ జవాబు సిద్ధం చేసుకోండి. నమస్కారం.