రిజిస్టర్‌లో గడి లేని పని

అందరికీ నమస్కారం.

మత్తు పదార్థాల మీద మన దేశానికి ఒక విధానమంటూ లేదని తరచూ వింటుంటాం. నిజానికి అవసరానికి మించే ఉన్నాయి. మత్తు పదార్థాల నియంత్రణ కోసం తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టాన్ని చూసుకునేది ఆర్థిక శాఖలోని రెవెన్యూ విభాగం. నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో హోం శాఖ కింద ఉంటుంది. వైద్యం ఆరోగ్య శాఖది, డీఅడిక్షన్ (మత్తు మాన్పించే) కేంద్రాలు నడిపే సంస్థలకు నిధులిచ్చేది సామాజిక న్యాయ శాఖ. మద్యం సంగతి రాష్ట్రాలది, దాని మీద ఆదాయమూ వాళ్లదే. ఇన్ని శాఖల కాగితాలూ చివరికి వచ్చి చేరేది సోషల్ వర్కర్ బల్ల మీదికే.

2019లో విడుదలైన జాతీయ సర్వేలో ఒక లెక్క ఉంది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన సాయం అందింది. ఆసుపత్రిలో చేరినవారు 180 మందిలో ఒక్కరు. 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో మత్తుకు వ్యతిరేకంగా నశా ముక్త్ భారత్ అభియాన్ అనే ప్రచారం మొదలయ్యాక సభలు, ర్యాలీలు, ప్రతిజ్ఞలు బాగా పెరిగాయి. ఫొటో తీసి పంపితే ఆ లెక్క తేలిగ్గా నిండుతుంది. డిశ్చార్జి అయిన మనిషికి మూడో నెలలో ఎవరు ఫోన్ చేశారన్నదానికి మాత్రం చాలా రిజిస్టర్లలో గడే ఉండదు. ఈ రోజు మాట్లాడాల్సింది ఆ గడి గురించే.

ముందు చట్టంలోని ఒక తలుపు చూద్దాం. సెక్షన్ 64ఏ. మత్తు వాడినందుకు సెక్షన్ 27 కిందగానీ, చిన్న పరిమాణం దొరికినందుకుగానీ కేసు పడిన వ్యసనపరుడు తనంతట తానుగా గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే అతని మీద ప్రాసిక్యూషన్ ఉండదు. చిన్న పరిమాణమంటే గంజాయి కిలో, హెరాయిన్ 5 గ్రాముల వరకు. చికిత్స పూర్తి చేయకపోతే ఈ రక్షణ వెనక్కి పోవచ్చు. చదవడానికి హాయిగానే ఉంటుంది, ఆచరణలో మాత్రం మూడు చోట్ల తెగిపోతుంది. ఇంటివాళ్లు కంగారులో గుర్తింపు లేని ప్రైవేటు కేంద్రంలో పడేస్తారు. అడ్మిషన్ ఫారంలో ‘ఎవరు తీసుకొచ్చారు’ అన్నచోట ఎవరో ‘పోలీసులు’ అని రాస్తారు. ఇక ‘తనంతట తాను’ అన్న మాట ఎలా నిలబడుతుంది? మూడోది, పది రోజులకు ఇంటికి వెళ్లిపోతే ‘చెప్పకుండా పోయాడు’ అని గీత గీసేస్తారు.

పూర్తి చికిత్స అంటే ఎన్ని రోజులో ఆ సెక్షన్ చెప్పదు. అందుకే చేరిన రోజే చికిత్సా ప్రణాళిక రాయాలి: లోపల ఎన్ని రోజులు, తర్వాత ఓపీకి ఎన్నిసార్లు, ఏ మందు. కింద అతని సంతకం, తేదీ, ఎందుకు వచ్చాడో అతని మాటల్లోనే రెండు వాక్యాలు. రాని రోజు ఎందుకు రాలేదో కూడా రాయాలి. చెల్లెలి పెళ్లికి వెళ్లి నాలుగు రోజులు మానేయడం చికిత్స వదిలేయడం కాదు. కానీ కాగితం మీద లేకపోతే కోర్టుకు ఆ తేడా తెలిసే దారి లేదు. నేరం రుజువయ్యాక కూడా సెక్షన్ 39 కింద బాండు మీద చికిత్సకు పంపే వీలుంది. అప్పుడు ఏడాదిలోపు ఫలితం నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికకు మూలం ఈ కాగితాలే.

పోలీసులు పేషెంట్ల జాబితా అడుగుతారు, చాలాసార్లు ఫోన్లోనే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 గోప్యతను హక్కుగా ఇచ్చింది. మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులూ ఆ చట్టం పరిధిలోవే. రాతపూర్వకంగా అడగమని మర్యాదగా చెప్పి, ఆ లేఖను కేంద్రం బాధ్యుడికి అందజేయండి. ఒక్కసారి జాబితా బయటికి పోయిందంటే ఆ వీధి నుంచి మరొకరు గడప తొక్కరు.

కుటుంబం చేతులు కట్టేసి తీసుకొచ్చే సందర్భాలు మరీ కష్టం. ‘తాగుతున్నాడు, లోపల పెట్టండి’ అంటే చట్టం ఒప్పుకోదు. అతని ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (అతని తరఫున నిర్ణయాల్లో సాయపడే ప్రతినిధి) దరఖాస్తు కావాలి. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. తనకో ఇతరులకో ప్రమాదమో, తనను తాను చూసుకోలేని స్థితో కనబడాలి. గడువు 30 రోజులు. గొలుసులు నిషిద్ధం. సైకియాట్రిస్టు లేని ఊళ్లో ఇదెలా అంటే విధానం దగ్గర జవాబు లేదు. అలాంటప్పుడు ఇంటివాళ్లతో గంటసేపు కూర్చుని, అతన్ని ఒప్పించే మనిషి ఎవరో కనుక్కోవడమే మిగిలిన దారి. సాధారణంగా ఆ మనిషి తండ్రి కాడు.

చేర్చుకునేటప్పుడు మొదట అడగాల్సింది చివరిసారి ఎప్పుడు తాగారని. మద్యం మానేసిన 6 నుంచి 48 గంటల మధ్య ఫిట్స్ రావచ్చు, 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం, అంటే మతి తప్పి గందరగోళపడే స్థితి. గతంలో ఫిట్స్ వచ్చినవాణ్ని రాత్రి డాక్టరు ఉండని 15 పడకల కేంద్రంలో ఉంచకండి, ఆసుపత్రికి పంపండి. బలహీనంగా ఉన్నాడని ఎవరైనా గ్లూకోజ్ ఎక్కించబోతే, ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చారా అని అడగండి. తెలంగాణలో ఆల్ప్రజోలం అనే మత్తిచ్చే మందు కలిపిన కల్లు సంగతి తెలిసిందే. దాడి చేసి కాంపౌండ్లు మూస్తే కల్తీ ఆగుతుంది. కానీ అలవాటుపడిన ఒంటికి ఆ మందు ఒక్కసారిగా ఆగిపోయి, వణుకుతోనో ఫిట్స్‌తోనో జనం ఆసుపత్రులకు పరుగెత్తుతారు. దాడికి ముందే వైద్యాధికారికి ఒక మాట చేరితే మోతాదు మెల్లగా తగ్గించే ఏర్పాటు ఉంటుంది. ఒక శాఖ గెలుపు ఇంకో శాఖకు ఎమర్జెన్సీగా మారేది ఇలాగే.

హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ల (నల్లమందు తరహా మత్తు పదార్థాల) విషయంలో డిశ్చార్జి రోజే ప్రమాదానికి మొదలు. శరీరం అలవాటు తప్పి ఉంటుంది కాబట్టి పాత మోతాదు ప్రాణం తీయగలదు. ఈ మాట పేషెంటుకు, ఇంటివాళ్లకు వేర్వేరుగా, సూటిగా చెప్పాలి. హెరాయిన్‌కు బదులుగా వైద్యుల పర్యవేక్షణలో బ్యూప్రినార్ఫిన్ అనే మందు ఇస్తుంటే ‘ఒక మత్తు మాన్పించి ఇంకోటి పెడుతున్నారు’ అని ఇంట్లో గొడవ మొదలవుతుంది. నాలుక కింద పెట్టిన మాత్ర కరగడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, సిబ్బంది ఎదుటే కూర్చోవాలి. రోజూ రావాలంటే కూలి పోతుంది. కాబట్టి పనికి వెళ్లే వేళకు ముందే కేంద్రం తలుపు తెరవాలి.

ఇక ఆ గడి. డిశ్చార్జికి ముందే రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి. ఒకటి అతనిది, ఇంకొకటి అతనే ఎంచుకున్న మనిషిది. ఎవరు ఫోన్ ఎత్తినా ఏ కేంద్రమో చెప్పకూడదు, మీ పేరు చెబితే చాలు. మొదటి వారంలో ఒకసారి, రెండో వారంలో ఒకసారి, ఆ తర్వాత నెలకోసారి. మళ్లీ తాగానని చెబితే ‘విఫలం’ అని రాయకండి. తేదీ, కారణం, మళ్లీ ఎప్పుడు వస్తాడో రాయండి. తనిఖీకి వచ్చినవాళ్లు ఈ పేజీ అడగరు. మీరే తెరిచి చూపించండి.