పార్టోగ్రాఫ్ ఎప్పుడు నింపారు? – నాణ్యత ప్రోత్సాహకాల మీద ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

ఇక్కడ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసర్లు, లేబర్ రూమ్ స్టాఫ్ నర్సులు, జిల్లా క్వాలిటీ టీముల వాళ్లు ఉన్నారు. నాణ్యతకు ప్రోత్సాహకం ఇవ్వాలా వద్దా అన్న చర్చ మీకు అక్కర్లేదు, ఇప్పటికే ఇస్తున్నారు. ఆ డబ్బు పనికి పోతోందా, రాతకు పోతోందా అన్నదే ఇవాళ్టి మాట.

ముందు బ్రిటన్ సంగతి. 2004 ఏప్రిల్‌లో అక్కడి కుటుంబ వైద్యుల క్లినిక్కులకు 146 సూచికలు పెట్టి, మొత్తం 1,050 పాయింట్లు కేటాయించారు. పాయింటుకు ఇంతని డబ్బు. మొదటి ఏడాదే క్లినిక్కులు సగటున 950 దాటేశాయి. సుగర్, ఆస్తమా రోగుల చికిత్స కొంతకాలం నిజంగానే వేగంగా మెరుగైంది. ఆ తర్వాత వేగం తగ్గింది. ఆస్తమా, గుండెజబ్బుల్లో పాయింట్లు లేని పనులు వెనకబడ్డాయి.

బీపీ విషయం చూడండి. లక్ష్యం 150/90. రికార్డులు పరిశీలిస్తే 150కి కాస్త కింద ఉన్న రీడింగులు పోగుపడ్డాయి. దీన్ని మోసం అనేయకండి. 154 వస్తే రోగిని పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూస్తాం, 148 వస్తే అదే రాస్తాం. మొదటిసారే 146 వచ్చినవాళ్లకు రెండోసారి ఎవరూ చూడరు. కొలతలో పక్షపాతం అక్కడే దూరుతుంది. అందుకే బీపీ, సుగర్ లాంటి జబ్బులు చూసే మన ఎన్‌సీడీ క్లినిక్కులో డబ్బు ముడిపెట్టే రీడింగు ఏదైనా సరే, అందరికీ రెండుసార్లు చూసి సగటు రాయాలి.

రువాండా 2006లో మరో దారి పట్టింది. ఆస్పత్రిలో జరిగిన ఒక్కో కాన్పుకు 4.59 డాలర్లు, నాలుగు గర్భిణి పరీక్షలు పూర్తయితే 37 సెంట్లు. కాన్పులు 23 శాతం పెరిగాయి, నాలుగు పరీక్షలు పూర్తిచేసినవాళ్ల సంఖ్య పెరగలేదు. రేటు ఎక్కడ పెట్టారో శ్రమ అక్కడికే పోయింది.

ఇక మన లేబర్ రూమ్. లేబర్ రూమ్ నాణ్యతకు కేంద్రం ఇచ్చే ‘లక్ష్య’ గుర్తింపు వస్తే మెడికల్ కాలేజీకి 6 లక్షలు, జిల్లా ఆస్పత్రికి 3 లక్షలు, సీహెచ్‌సీకి (సామాజిక ఆరోగ్య కేంద్రానికి) 2 లక్షలు. చెక్‌లిస్టులో ఒక్కో అంశానికి 0, 1, 2 మార్కులు. కేసు షీటులో పార్టోగ్రాఫ్, అంటే నొప్పులు ఎలా సాగుతున్నాయో ఎప్పటికప్పుడు చుక్కలు పెట్టి చూపే చార్టు, నిండుగా కనిపిస్తే 2 వేయడం తేలిక. కానీ కాన్పు అయ్యాక తీరిగ్గా నింపిన కాగితం ఎలా ఉంటుందో మీకు తెలుసు. మొదటి చుక్క నుంచి చివరి చుక్కదాకా ఒకే పెన్ను. బిడ్డ గుండె చప్పుడు 140, 142, 140, 142. సమయాలు సరిగ్గా పది, పదిన్నర, పదకొండు. గర్భాశయ ముఖద్వారం తెరుచుకున్న గీత స్కేలు పెట్టి గీసినట్టు, చార్టులో ముందే అచ్చువేసి ఉండే అలర్ట్ లైను (హెచ్చరిక గీత) వెంబడే పోతుంది. ఏ తల్లికీ నొప్పులు ఇంత పద్ధతిగా సాగవు. గీత అలర్ట్ లైను దాటితే వెంటనే పెద్దాస్పత్రికి పంపాలని చెప్పడానికే ఆ కాగితం. తర్వాత నింపితే ఆ హెచ్చరిక ఎవరికీ అందదు.

కాబట్టి పాత ఫైళ్లు తిరగేయడం తగ్గించండి. రాత్రి పదకొండుకో తెల్లవారుజామునో చెప్పకుండా వెళ్లి, ఆ క్షణంలో నొప్పులు పడుతున్న తల్లి పార్టోగ్రాఫ్ అడగండి. ముఖద్వారం 4 సెంటీమీటర్లు దాటి రెండు గంటలైతే అరగంటకొకటి చొప్పున నాలుగు గుండె చప్పుళ్లు ఉండాలి. లేకపోతే 0. అయితే ఆ సున్నాను నర్సమ్మ మీదికి నెట్టే ముందు షిఫ్టులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. నొప్పులతో ఉన్న ఇద్దరినీ, వార్డునూ ఒక్కరే చూస్తుంటే అరగంటకోసారి వినడం అయ్యే పని కాదు. అక్కడ ప్రోత్సాహకం ఎంత పెంచినా మీకు దక్కేది రాతే. ముందు ఇంకో మనిషిని వేయాలి.

సిజేరియన్ల మాటకొస్తే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. మామూలు కాన్పుకు ఇంత అని ఇచ్చేస్తే కష్టమైన కేసును బయటికి పంపడం, అవసరమైన ఆపరేషన్‌ను ఆలస్యం చేయడం అనే రెండు ప్రమాదాలు వస్తాయి. లెక్కను తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి ఉండి, నెలలు నిండి, నొప్పులు వాటంతట అవే మొదలైన తల్లులకే పరిమితం చేయండి. పక్కనే రెండు అంకెలు పెట్టండి: బయటికి పంపిన కేసులెన్ని, పుట్టగానే ఏడవక ఎస్‌ఎన్‌సీయూకు (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగానికి) వెళ్లిన బిడ్డలెందరు. ఈ రెండూ పెరిగిన నెలలో డబ్బు ఆపి కేసు షీట్లు చదవాలి.

చివరగా పంపకం. ఆస్పత్రుల శుభ్రతకు ఇచ్చే కాయకల్ప్ అవార్డుల్లో 70 శాతం మార్కులు దాటిన పీహెచ్‌సీకి వచ్చే ప్రశంసా మొత్తం 50,000. అందులో 75 శాతం ఆస్పత్రికి, 25 శాతం సిబ్బందికి. అంటే 12,500. పన్నెండు మంది ఉంటే తలా వెయ్యి పైచిలుకు. ఇంత చిన్న మొత్తంలో స్వీపరమ్మ పేరు ఔట్‌సోర్సింగ్ అని తప్పిస్తే, మరుసటి ఏడాది బయోమెడికల్ వ్యర్థాల బకెట్ల దగ్గర మార్కులు పోతాయి. ఎవరికెంతో స్కోరింగుకు ముందే రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి. అందులో ఆమె పేరు ఉండాలి.