మానీ: ఇంటికో బురుజు

అందరికీ నమస్కారం. గ్రీసు మ్యాపు తీసి కిందివైపు చూడండి. పెలొపొనీస్ ద్వీపకల్పం సముద్రంలోకి మూడు వేళ్లు చాచినట్టు ఉంటుంది. నడిమి వేలు మానీ. దాని పొడవునా టైగెటోస్ కొండలు. ఉత్తరాన 2,400 మీటర్లు దాటిన శిఖరం నుంచి దిగుతూ దిగుతూ టైనారోన్ దగ్గర సముద్రంలో కలుస్తాయి. గ్రీసు ప్రధాన భూభాగానికి దక్షిణపు కొస అదే. హెర్క్యులిస్ పాతాళానికి దిగి, కాపలా కుక్కని ఈడ్చుకొచ్చింది అక్కడి గుహలోంచేనని పురాణం.

అంతా సున్నపురాయి. వాన కురిసిందంటే నీళ్లు కురిసినట్టే ఇంకిపోతాయి. తొట్లలో పట్టి దాచుకున్నదే నీరు, రాళ్ల మధ్య చిక్కిన చారెడు మట్టే పొలం. ఆ చారెడు కోసమే ఇళ్ల మధ్య తరాల తరబడి పగలు. ఊరికో బురుజుంటే కాపలాకనుకుంటాం. వాథియా లాంటి ఊళ్లలో ఇంటికొకటి! తుపాకీ గొట్టం పట్టేంత కిటికీలు. పక్కింటి బురుజు కంటే మనది ఎత్తుగా ఉండాలి, ఎందుకంటే వాళ్ల కప్పు మీదికి గురి కుదరాలి. మగపిల్లల్ని ‘తుపాకులు’ అనేవారట. కోతలొస్తేనో, బయటి శత్రువొస్తేనో మాత్రం పగలకు విరామం.

అప్పట్లో గ్రీసును ఏలిన ఒట్టోమన్ తుర్కులు ఈ కొండల్ని నేరుగా ఏలలేక, 1776 నుంచి స్థానికుల్లోనే ఒకరిని తమ తరఫు పాలకుడిగా, అంటే బే‌గా పెట్టి సరిపుచ్చుకున్నారు. చివరి బే పెట్రోస్ మావ్రోమిఖాలిస్. 1821 మార్చిలో ఆయనే తిరుగుబాటు జెండా ఎత్తి కలమాటా పట్టణంలోకి నడిచాడు. 1826లో ఒట్టోమన్ల తరఫున వచ్చిన ఈజిప్టు సేనాని ఇబ్రహీం పాషా సైన్యం దీరోస్ తీరాన దిగేసరికి మగాళ్లు ఉత్తరాన రక్షణ గోడ కాస్తున్నారు. చేలల్లో ఉన్నది ఆడవాళ్లు. కోస్తున్న కొడవళ్లతోనే మీదపడ్డారు.

స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త గవర్నర్ కపొడిస్ట్రియాస్ పన్నులు కట్టమన్నాడు, మాట వినమన్నాడు. దేశం నడవాలంటే తప్పదు మరి. కానీ మానీ వాళ్లకి అది కొత్త పాషా గొంతులా వినిపించింది. ఎవరి పక్షాన నిలబడాలో నాకు ఇప్పటికీ తేలదు. పెట్రోస్‌ని జైల్లో పెట్టారు. 1831 అక్టోబర్ 9 ఉదయం, అప్పటి రాజధాని నాఫ్‌ప్లియోలో చర్చికి వెళ్తున్న గవర్నర్‌ని గుమ్మంలోనే చంపేశారు. చంపింది పెట్రోస్ తమ్ముడు, కొడుకు. ఆ చర్చి గోడ మీది తూటా గుర్తుకి ఇప్పుడు అద్దం బిగించారు.