రీసెట్ అయింది, సరే. ఎందుకయింది?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెప్పడం లేదు, మన్నించాలి. నాకిచ్చింది పావుగంటే.

సెమాఫోర్ గురించి మాట్లాడమన్నారు. అందరూ ఒకేసారి ఒకే డేటా మీద పడకుండా ప్రోగ్రాముల్లో పెట్టే కాపలా అన్నమాట. 1960లలో డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఇచ్చిన ఆలోచన అది. రెండు థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాములో పక్కపక్కనే నడిచే రెండు పనులు, ఒకే కౌంటర్‌ను చూసి, రెండూ 100 అని చదివి, రెండూ 101 అని రాస్తే ఒక లెక్క గల్లంతవుతుంది. అందుకే లాక్: ఒకరు వాడుతుంటే ఇంకొకరు ఆగాలి. ఇంతవరకు అందరూ చెబుతారు. లాక్ వేశాక ఏమవుతుందో చెప్పరు. నా బాధంతా అదే.

1997 జూలై 4న నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. వాతావరణ వివరాలు సేకరించడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ కావడం మొదలైంది. అయినప్పుడల్లా ఆ రోజు మిగిలిన పని మర్నాటికి వాయిదా.

లోపల జరిగింది చూడండి. తక్కువ ప్రయారిటీ ఉన్న వాతావరణ టాస్క్ ఒక మ్యూటెక్స్, అంటే ఒకసారికి ఒక్కరే పట్టుకోగల లాక్, తీసుకుంది. డేటాను అటూ ఇటూ చేరవేసే దారి, అంటే డేటా బస్, పని చూసే ఎక్కువ ప్రయారిటీ ఉన్న పెద్ద టాస్క్ అదే మ్యూటెక్స్ కోసం ఆగింది. చిన్నది క్షణంలో వదిలేసేదే. ఈలోగా మధ్యస్థాయి టాస్కులు వచ్చి దాన్ని పక్కకు నెట్టి ప్రాసెసర్ తీసేసుకున్నాయి. ఆ మ్యూటెక్స్‌తో వాటికి సంబంధమే లేదు! చిన్నది కదలదు, లాక్ వదలదు, పెద్దది అలా ఆగే ఉంటుంది. గడువులోగా పని కాలేదని సిస్టమ్ తనను తాను రీసెట్ చేసుకుంది. ప్రయారిటీ ఇన్వర్షన్ అంటే ఇదే.

వెనక వరసల్లోని పిల్లలూ, వినండి. విడివిడిగా చూస్తే ఏ టాస్క్‌లోనూ తప్పు కనబడదు.

ప్రయోగానికి ముందు పరీక్షల్లోనూ ఈ రీసెట్ కనిపించింది. కారణం దొరక్క, మిగతా పనుల ఒత్తిడిలో పక్కన పెట్టారు. నేను పనిచేసిన ఒకచోటా ఇదే తంతు. సర్వర్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ కొట్టి ఫిర్యాదు టికెట్ మూసేసేవారు. అడిగితే "మళ్లీ వస్తే చూద్దాం" అనేవారు. మళ్లీ వచ్చేది, మళ్లీ రీస్టార్టే.

పాత్‌ఫైండర్ వాళ్లు ఈసారి వదల్లేదు. భూమ్మీదున్న నకలు యంత్రంలో ట్రేస్, అంటే లోపల ఏది ఎప్పుడు జరిగిందో రాసిపెట్టే రికార్డు, ఆన్ చేసి, రీసెట్ వచ్చేదాకా నడిపి, కారణం పట్టుకున్నారు. ఆ మ్యూటెక్స్‌కు ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ ఆఫ్‌లో ఉంది. అది ఆన్‌లో ఉంటే, లాక్ పట్టుకున్న చిన్న టాస్క్‌కు ఎదురుచూసే పెద్దదాని ప్రయారిటీ వస్తుంది, మధ్యవి దాన్ని నెట్టలేవు. భూమ్మీద నుంచే దాన్ని ఆన్ చేశారు.

ఒకరి లాక్ కోసం ఒకరు ఎదురుచూస్తూ ఆగిపోయే డెడ్‌లాక్ గురించీ చెబుదామనుకున్నా, టైమ్ అయిందని చీటీ వచ్చింది. అధ్యాపకులకు ఒక్క విన్నపం. లినక్స్‌లో ఒకే ప్రాసెసర్ కోర్ మీద, రియల్‌టైమ్ ప్రయారిటీలతో మూడు థ్రెడ్లు, ఒక మ్యూటెక్స్ ఇచ్చి చేయించండి. ఇన్‌హెరిటెన్స్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి. ఎవరు ఎంతసేపు ఆగారో పిల్లల చేతే రికార్డులో రాయించండి. వచ్చే సెమిస్టర్ ల్యాబ్‌లోనే పెట్టండి.