క్రిస్మస్ పెళ్లికి ఊరు ఎంచుకోవడం: రిసార్టుకు అడ్వాన్సు కట్టేముందు

[తెర మీద: స్టార్లు వెలిగించిన చర్చి ముందుభాగం, రాత్రి]

డిసెంబరులో పెళ్లి అనగానే కుటుంబం వాట్సాప్ గ్రూపులో గోవా, అరకు ఫొటోలు తిరగడం మొదలవుతుంది. తిరగనివ్వండి. అడ్వాన్సు కట్టేముందు మాత్రం ఒకసారి మీ సంఘం అయ్యగారి (పాస్టరు) దగ్గరికో, విచారణ (పారిష్) ఫాదర్ గారి దగ్గరికో వెళ్లి కూర్చోండి. ఊరు ఖాయమయ్యేది అక్కడే.

మొదట తేదీ. 25న పెట్టుకోవద్దు. 24 రాత్రి ఆరాధన, 25 తెల్లవారుజామున మళ్లీ ఆరాధన. క్వయర్ పిల్లల గొంతులు అప్పటికే బొంగురుపోయి ఉంటాయి. 31 రాత్రి కొత్త సంవత్సరపు వాచ్ నైట్ ఆరాధన. కాబట్టి చేతిలో మిగిలేది 26 నుంచి 30 వరకే. క్యాథలిక్ కుటుంబాలు ఇంకాస్త ముందుకు జరుపుదామనుకుంటే ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే సిద్ధపాటు వారాలు, అడ్డొస్తుంది. ఆ వారాల్లో పెళ్లిళ్లు చేయని విచారణలు చాలానే ఉన్నాయి.

ఫలానా వాళ్లకు పెళ్లి అని చర్చిలో చదివే పెళ్లి ప్రకటనలు మామూలుగా మూడు ఆదివారాలు చదవాలి. అమ్మాయిది ఒక సంఘం, అబ్బాయిది ఇంకొకటి అయితే రెండు చోట్లా చదవాలి. 28న పెళ్లి అనుకుంటే నవంబరులోనే ఆ పని మొదలుపెట్టేయండి. డిసెంబరు ఆదివారాల్లో సెమీ క్రిస్మస్ (ముందస్తు క్రిస్మస్ వేడుకల) హడావుడిలో ఒక వారం తప్పిపోయిందంటే మళ్లీ పట్టుకోవడం కష్టం.

[తెర మీద: పెళ్లి రిజిస్టరు, సంతకాలు]

ఇక చాలామంది పట్టించుకోని సంగతి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, బిషప్ గారి ప్రత్యేక అనుమతి లాంటి మినహాయింపులు తప్పిస్తే, పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. దీపాల వెలుగులో రాత్రి ఎనిమిదికి ప్రమాణాలు అని ఈవెంట్ వాళ్లు చూపించే ప్లాను ఇక్కడే ఆగిపోతుంది. స్వతంత్ర సంఘాల వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పాస్టరు గారికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పెళ్లి లైసెన్సు ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది. మన పాస్టరు గారిని వెంటబెట్టుకుని గోవా వెళ్తే ఆ లైసెన్సు అక్కడ పనికిరాదు, పైగా అక్కడి రిజిస్ట్రేషను పద్ధతే వేరు. మా సలహా: పెళ్లి ఇక్కడి చర్చిలో, రిసెప్షను మీకు నచ్చిన ఊళ్లో.

[తెర మీద: ఖాళీ కల్యాణ మండపం]

ఇప్పుడు డబ్బు లెక్క. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. హిందువుల ముహూర్తాలు ఉండవు కాబట్టి విజయవాడ, గుంటూరుల్లో కన్వెన్షన్ హాళ్లు, మండపాలు చాలావరకు ఖాళీ. బేరం ఆడటానికి ఇంతకంటే మంచి కాలం దొరకదు. టూరిస్టు ఊళ్లలో సరిగ్గా అదే వారం రేట్లు ఆకాశంలో ఉంటాయి. 120 మంది చుట్టాలు, గదికి ముగ్గురు చొప్పున 40 గదులు. రెండు రాత్రులంటే 80 గదుల అద్దె. కొన్ని రిసార్టులు 24న, 31న గాలా డిన్నర్ పేరుతో తలకింత తప్పనిసరి చేస్తాయి. అది కొటేషనులో కలిపారా లేదా అని ముందే అడగండి.

[తెర మీద: సూర్యలంక తీరం, పగలు]

బాపట్ల దగ్గర సూర్యలంక గుంటూరు వాళ్లకు చేరువే. అయితే డిసెంబరు మొదటి వారాలు తుపాను రోజులు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. నెలాఖరుకు ముప్పు తగ్గుతుంది గానీ గాలి తగ్గదు. ఇసుకలో కుర్చీ కాళ్లు దిగబడి పెద్దవాళ్లు పక్కకు ఒరిగిపోతారు. కింద ప్లైవుడ్ షీట్లు పరిచి, వాటి మీద తివాచీ వేయించండి. కొవ్వొత్తులకు గాజు చిమ్నీలు, మైకుకు స్పాంజి తొడుగు, పెళ్లికూతురి ముసుగుకు పైన రెండు పిన్నులతో పాటు భుజాల దగ్గర కూడా పిన్నులు ఉండాల్సిందే.

అరకు ఫొటోల్లో అందం. మన అమ్మమ్మలకు, తాతయ్యలకు విశాఖ నుంచి ఇంకో 115 కిలోమీటర్లు, అందులో ఘాట్ మలుపులు. సెలవుల వారంలో ఆ ఘాట్ మీద బస్సు ఇరుక్కుందంటే ముహూర్తం మాట మర్చిపోండి. యాభై మంది కుర్రకారైతే సరే.

మెదక్ కేథడ్రల్? 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ గుడి చూడాల్సిందే, ఈ వారంలో మాత్రం కాదు. జనసముద్రం.

మా ఓటు కోనసీమలోని దిండికి. చించినాడ వంతెన దాటగానే గోదారి, కొబ్బరి తోటలు. విజయవాడ నుంచి పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోవచ్చు. విజయవాడ దాటొద్దనుకుంటే కృష్ణా నదిలో భవానీ ద్వీపం ఉంది. అక్కడ అడగాల్సినవి వేరు: ఆఖరి పడవ ఎన్నింటికి, జనరేటరు, కేకు, బిర్యానీ డేగిశాలు ఎవరు దాటిస్తారు, పెద్దవాళ్లను పడవ ఎక్కించేది ఎవరు.

[తెర మీద: రాత్రి లాన్, మంచు తెర]

ఎక్కడైనా సరే, లాన్ మీద రాత్రి ఎనిమిది దాటితే మంచు కురుస్తుంది. స్టేజీ మీదే కాదు, భోజనాల మీద కూడా పైకప్పు ఉండాలి. లౌడ్ స్పీకరు పదింటికి ఆపాలి కాబట్టి రిసెప్షను ఆరున్నరకే మొదలుపెట్టండి. రైల్లో వచ్చే బంధువులుంటే, రిజర్వేషను 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 28 నాటి ప్రయాణానికి అక్టోబరు 29న ఉదయం ఎనిమిదికి కూర్చోవాలి. సంక్రాంతి ఇంకా దూరమే అనుకుని బద్ధకిస్తే వెయిటింగ్ లిస్టే గతి.