రాయి చాటు నీళ్లు

శ్రోతలకు నమస్కారం.

మాది కోనసీమలో ఒక లంక ఊరు. బడికి పడవ, సంతకి పడవ, పెళ్లికి వెళ్లినా పడవే. కెనడాలో ఉంటున్న మా మేనల్లుడు, "మావయ్యా, నహానీ నది మీద కనూ, అదే, తెడ్డేసే సన్న పడవ వేసుకుని వెళ్దాం. గైడు ఉంటుంది, అన్నీ నేర్పిస్తుంది" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. గోదారి గట్టున పుట్టినవాడికి పడవ ఎక్కడం నేర్పిస్తారట!

సౌత్ నహానీ కెనడా ఉత్తర భాగంలో, అక్కడి ఆదివాసులైన దెనె ప్రజల నేల మీద పారే నది. యునెస్కో 1978లో మొట్టమొదట ప్రకటించిన ప్రపంచ వారసత్వ స్థలాల్లో ఆ నది పారే పార్కు ఒకటి. మేం బయల్దేరిన చోటికి రోడ్డు లేదు. ఫోర్ట్ సింప్సన్ అనే చిన్న ఊరి నుంచి, నీటి మీద వాలే విమానంలో వెళ్లి వర్జీనియా జలపాతానికి ఎగువన దిగాం. దాని ఎత్తు 90 మీటర్ల పైమాటే, నయాగరాకి దాదాపు రెట్టింపు. పడవలూ సామాన్లూ భుజాన వేసుకుని దాని కిందికి దిగాలి. ఆ మోత గురించి నేను చెప్పను, నా నడుమే చెబుతోంది ఇప్పటికీ.

మా గైడు ముప్ఫయ్యేళ్లు నిండని అమ్మాయి. ముందు లైఫ్ జాకెట్ తొడుక్కోమంది. "నాకు ఈత వచ్చు" అన్నాను. "మంచిది" అని, పట్టీ తనే బిగించింది.

మన గోదావరి ధవళేశ్వరం దాటాక పరుగు మానేస్తుంది. అడుగున ఇసుక, ఒండ్రు తప్ప రాయి తగలదు. మన భయమంతా నీళ్లు ఎన్ని వస్తున్నాయనే. బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులంటే మొదటి హెచ్చరిక, 17 లక్షలంటే మూడోది, ఇక గొడ్డూ గోదాతో గట్టెక్కాల్సిందే. నహానీలో భయం వేరు. మన వరదతో పోలిస్తే నీళ్లు తక్కువే, కానీ వాలు ఎక్కువ, దారిలో రాళ్లు.

పెద్ద రాయికి దిగువన, దాని చాటున, నీరు వెనక్కి తిరిగి ఎగువకి పారుతుంది. ఎడ్డీ అంటారు దాన్ని. మనం సుడి అనగానే దణ్ణం పెట్టుకుని దూరం జరుగుతాం. ఆ అమ్మాయి మాత్రం అందులోకే పదండి అంది. ప్రవాహానికీ ఈ చాటునీటికీ మధ్య చీర అంచులా ఒక గీత కనిపిస్తుంది. పడవ ముక్కు ఆ గీత దాటగానే మొత్తం గిర్రున తిరుగుతుంది. సైకిల్ మీద మలుపులో ఒరిగినట్టు, తిరిగే వైపుకే ఒరగాలి. ఒరిగితే చెరువులో ఉన్నట్టు పడవ నిలబడిపోతుంది. మూడడుగుల అవతల నది రంకెలేస్తుంటే మేం కూర్చుని బిస్కెట్లు తిన్నాం.

అప్పుడు గుర్తొచ్చాడు మా రేవు తాత. ఎర్రనీటి రోజుల్లో అవతలి గట్టుకి సూటిగా వెళ్లేవాడు కాదు. గట్టు వార నెమ్మది నీటిలో గెడ వేసుకుంటూ బాగా ఎగువకి పోయి, అక్కడ పడవ ముక్కు ఏటవాలుగా పెట్టి వదిలేవాడు. మిగతా పని నీరే చేసేది. "బడికి టైమైపోతోంది తాతా" అని మేం గోల. రెండో రోజంతా ఆ అమ్మాయి మాకు నేర్పింది సరిగ్గా అదే.

రాయి దగ్గర మాత్రం గోదారి చదువు నన్ను ముంచింది. మూడో రోజు పడవ అడ్డంగా వెళ్లి రాయికి కొట్టుకుంది. అలాంటప్పుడు రాయి మీదికే ఒరగాలని చెప్పే ఉంది. ఒళ్లు వింటేగా! ఇవతలికి ఒరిగాను. ఎగువ వైపు అంచు మునిగి, నది లోపలికి వచ్చేసింది. నీళ్లలో పడగానే చలికి ఊపిరి బిగుసుకుపోయింది. "కాళ్లు పైకి, మావయ్యా!" అని మేనల్లుడి అరుపు. అక్కడ నిలబడాలని చూడకూడదు. పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని బోర్లా తోసేస్తుంది. వెల్లకిలా, కాళ్లు దిగువకి పెట్టి తేలాలి. నా ఇన్నేళ్ల ఈత ఏమైపోయిందో, నన్ను తేల్చింది జాకెట్టే. ఒడ్డు నుంచి గైడు విసిరిన తాడు సరిగ్గా నా ఛాతీ మీద పడింది.

తిరిగొచ్చేసరికి గోదారికి ఎర్రనీరు తగిలింది. మా రేవు పడవలో జాకెట్లు ఒక మూల తాడుతో మూటకట్టి పడేసి ఉన్నాయి. ముడి విప్పి ఒకటి తొడుక్కున్నాను. అందరూ నన్నే చూశారు.

"ఏమండీ, ఈత రాదా?" అన్నాడు పడవతను.

"వచ్చండీ" అని పట్టీ బిగించుకున్నాను.